కుక్కపిల్ల ముక్కు ముద్ర

మా గురువుగారు లోకనాథం గారిని ఎవరు ఏది అడిగినా ఆయన నోటివెంట ముందుగా వచ్చే మాట ఒకటే: "ఏదీ, పట్టుకురండి చూద్దాం." పూజకి ఏ పువ్వు శ్రేష్ఠమని నేనొకసారి అడిగాను. పట్టుకురమ్మన్నారు. నేను పట్టుకెళ్లినవి పక్కింటివాళ్ల మందారాలు. వాళ్లావిడ నా వెనకాలే వచ్చింది. ఆ పూట ఏ పువ్వు శ్రేష్ఠమో తేలలేదు గాని, నేనెలాంటివాణ్ణో పదిమందికీ తేలింది.

ఆయన కాషాయం కట్టిన గురువు కాదు. పార్వతీపురం దాటాక ఉన్న మా చిన్న ఊళ్లో పశువుల ఆసుపత్రికి ముప్ఫయ్యేళ్లు కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యారు. ప్రతి మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఆయన పెరట్లో రేకులషెడ్డు కింద నలుగురైదుగురం చేరతాం. ఆ షెడ్డులో ఒకప్పుడు గేదెల్ని కదలకుండా నిలబెట్టి సూదులు వేసిన గుంజల చట్రం ఇంకా ఉంది. మేం సరిగ్గా దాని మధ్యనే కూర్చుంటాం. ఎందుకని ఎవరూ అడగలేదు. నాకు మాత్రం తెలుసు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను పుస్తకాలకి బైండింగు వేసుకుని బతికేవాణ్ణి. బడిలో చదివింది తక్కువ, కుట్టేటప్పుడు చదివింది ఎక్కువ. అందుచేత నాకు ఏ గ్రంథానికీ మొదలు తెలియదు, చివర తెలియదు. కుట్టుకి దగ్గరగా ఉండే నడిమి పేజీలు మాత్రం కంఠస్థం. ఈ పరిజ్ఞానంతోనే నేను ఊళ్లోవాళ్లకి సలహాలిస్తూ వచ్చాను. ఆ సలహాల్లో ఒకటి ఈ కథలో ఉంది.

మాలో వనజాక్షి గారని ఒకావిడ. టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఒంటరిగా ఉంటారు. ఆవిడకి పదకొండేళ్లు తోడున్న బుల్లోడు అనే కుక్క కిందటి వానాకాలంలో పోయింది. ఒక సోమవారం అన్నం ముట్టలేదు. కడుపులో ఏదో అడ్డం పడింది, విశాఖపట్నం తీసుకెళ్లి ఆపరేషను చేయించండి అన్నాడు డాక్టరు. ఆవిడ ఆ మాట పట్టుకుని మూడు రోజులు ఊరంతా అడిగారు: ఒక కుక్క కోసం అంత ఖర్చు పెట్టడం న్యాయమేనా అని. నన్నూ అడిగారు. నేను నాలుగు నడిమి పేజీలు వల్లించి, "నిదానంగా ఆలోచించి చెయ్యండి" అన్నాను. గురువారం పొద్దున్న ఆవిడ కారు మాట్లాడారు. కారు వచ్చేసరికి దాని అవసరం లేకపోయింది.

ఇప్పుడు సాలూరులో ఉన్న ఆవిడ తమ్ముడు, అక్క ఒంటరిగా ఉందని, రెండు నెలల పిల్లనొకదాన్ని తెచ్చి వదిలిపెట్టాడు. గోధుమరంగుది. వాళ్ల పిల్లలే దానికి బిస్కట్ అని పేరు పెట్టి పంపారు. దానికి టీకా వేయించడానికి వెళితే అక్కడ ఎవరో చేతిలో బీమా కాగితం పెట్టారట. ఏడాదికి ఇంతని కడితే, జబ్బు చేసినప్పుడు వైద్యం ఖర్చు కంపెనీ భరిస్తుంది.

"గురువుగారూ, కుక్కపిల్లకి బీమా చేయించమంటారా, వద్దంటారా?" అని ఆ మంగళవారం అడిగారావిడ.

ఆర్టీసీలో కండక్టరుగా చేసిన పోలినాయుడు పకపకా నవ్వాడు. "ఏటక్కా, నాకే లేదు బీమా! నేను పోతే మా ఇంటిదానికి ఈ టోపీ ఒక్కటే మిగుల్తాది."

"నువ్వు పోతే ఆవిడకి బోలెడంత ప్రశాంతత మిగుల్తుంది, ఊరుకో నాయుడూ" అన్నారు వనజాక్షి గారు. అని, గొంతు తగ్గించారు. "నవ్వులాటకి అడగలేదు గురువుగారూ. చేయించకపోతే మళ్లీ అలాగే లెక్కలేసుకుంటూ కూర్చుంటానేమో అని భయం. చేయిద్దామంటే, బుల్లోడు పోయింది నిజంగా డబ్బు వల్లేనా అని ఇంకో భయం. ఈ కాగితం వారం రోజులుగా నింపలేకపోతున్నాను. ఇది కూడా తేల్చుకోలేనిదాన్ని, ప్రాణాన్ని ఏం పెంచుతాను? ఆదివారం వచ్చి పిల్లని వెనక్కి తీసుకుపొమ్మని మా తమ్ముడికి చెప్పేశాను."

గురువుగారు నవ్వలేదు, ఓదార్చలేదు. "ఏదీ, పట్టుకురండి చూద్దాం" అన్నారు. ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతలే. పావుగంటలో కాగితమూ వచ్చింది, కుక్కపిల్లా వచ్చింది. రాగానే అది నా చెప్పు ఒకటి ఎంచుకుంది.

కాగితంలో ఒక చదరపు గడి ఉంది. అందులో జంతువు ముక్కు ముద్ర వేయాలట. పోలినాయుడు మళ్లీ నవ్వబోయాడు గాని గురువుగారు లేచారు. "ముందు ఈ గడి నింపుదాం" అని లోపలికెళ్లి, కాటుక భరిణె తెచ్చారు. నేను నా సంచిలోంచి రబ్బరు స్టాంపుల సిరా తీయబోతే వద్దన్నారు. "అది నాక్కుంటుందయ్యా. ఇది ఇంట్లో ఆముదంతో పట్టిన కాటుక. కడుపులోకెళ్లినా ఫరవాలేదు." ఆ పని నాకూ నాయుడికీ అప్పగించి, తాను వెనక్కి జరిగి కూర్చున్నారు.

ముక్కు తుడవాలి, కాటుక పల్చగా అద్దాలి, చిత్తుకాగితం మీద సరిగ్గా పడిందాకా చూసి, ఆ ముక్క కత్తిరించి గడిలో అంటించాలి. చెప్పడానికి ఇంతే. నేను తుడుస్తాను, అది నాకుతుంది. అద్దుతాను, నాకుతుంది. కాగితం దగ్గరికి తెస్తాను, కాగితం తింటుంది. పోలినాయుడు పట్టుకున్నాడు, అది అతని చంకలోంచి జారి, మెడమీదికి పాకి, చెవి కొరికింది. "ఓలమ్మ! దసరా రద్దీలో కూడా ఇలాటి పాసింజరుని చూడలేదు!" అన్నాడతను. ఆరు కాగితాలు పోయాయి. నాయుడి బుగ్గమీద దిష్టిచుక్క, నా చొక్కా నిండా మచ్చలు, దాని నాలుక నల్లగా. ముద్ర మాత్రం లేదు.

అప్పుడు నాకొక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నాకొచ్చే ఆలోచనలన్నీ మెరుపుల్లాంటివే; వెలుగు కాసేపు, పిడుగు తరవాత. బొటనవేలికి కాటుక ఉండనే ఉంది. అసలు ఫారం తీసి, ఆ గడిలో నా వేలిముద్ర గట్టిగా ఒత్తేశాను. "అయిపోయింది. కంపెనీవాడేమన్నా కుక్కలతో కాపురం చేస్తున్నాడా, కనిపెట్టడానికి?"

వనజాక్షి గారు తెల్లబోయారు. గురువుగారు కోప్పడలేదు. పిల్లని తన ఒళ్లోకి తీసుకున్నారు. పట్టుకోలేదు, గుండెకి ఆనించుకుని ఊరికే కూర్చున్నారు. దాని ఊపిరి ఆయన ఊపిరి లెక్కకి వచ్చిందాకా ఆగారు. అప్పుడు మెత్తటి గుడ్డతో ముక్కు తుడిచి, చిటికెన వేలితో కాటుక తాకించి, చిన్న కాగితం ముక్కని కిందనుంచి పైకి, చంటిపిల్ల మూతి తుడిచినట్టు, ఒక్కసారి దొర్లించారు. పిల్ల ఆవలించింది. అంతే.

ఆ ముక్కని నా వేలిముద్ర పక్కన పెట్టి, మందుసీసాల మీద సన్నక్షరాలు చదువుకునే భూతద్దం నా చేతికిచ్చారు. "చూడు."

నా వేలు నాకు తెలిసిందే అనుకున్నాను. అద్దంలో చాళ్లు చాళ్లుగా, దున్నిన మడిలా ఉంది. పక్కకి జరిపాను. పిల్ల ముద్రలో గీతలు లేవు. గింజలున్నాయి. సీతాఫలం పైతోలు లాగ, కాని ఆవగింజంత ఆవగింజంత గింజలు. కొన్ని గుండ్రం, కొన్ని పలకలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఎక్కడా ఖాళీ లేకుండా, ఎక్కడా ఒకదానిలా ఇంకొకటి లేకుండా. నడుమ ఒక సన్నటి దారి పైనుంచి కిందికి దిగుతోంది. ఆ దారికి ఇటుపక్క ఉన్నట్టు అటుపక్క లేదు. తాపీమేస్త్రీ వచ్చి రాయి రాయి ఏరి పేర్చినట్టుంది. ఎన్నాళ్లు పేర్చాడో! అద్దం మళ్లీ మొదటికి జరిపి ఇంకోసారి చూశాను.  

"ఇది కళ్లు తెరవకముందే ఆ అచ్చు పడింది" అన్నారు గురువుగారు. "ఇది పెద్దదైతే అచ్చూ దానితోబాటే పెరుగుతుంది, అమరిక చెదరదు. ముప్ఫయ్యేళ్లు దూడల ముక్కులు, కుక్కల ముక్కులు తుడిచాను. ఒక ఈతలో పుట్టిన ఆరింటికీ ఆరు రకాలు. ఒకదానికి ఒకటి కలిసింది నేనైతే చూడలేదు."

పోలినాయుడు అద్దం తీసుకుని చాలాసేపు వంగి ఉన్నాడు. లేచేసరికి టోపీ చేతిలో ఉంది. "లక్షల టికెట్లు చింపినోణ్ణి గురువుగారూ. నంబరు లేని టికెట్టు ఒక్కటి చూడలేదు. దీనికి నంబరెవుడు కొట్టాడండీ?"

గురువుగారు పిల్లని తీసి వనజాక్షి గారి ఒళ్లో పెట్టి, అద్దం ఆవిడ చేతికిచ్చి, "నువ్వు కాగితం చూడకు తల్లీ. ముక్కు చూడు" అన్నారు.

మేమూ అటూ ఇటూ నుంచి తలలు దూర్చి చూశాం. కాటుక తుడిచిన ముక్కు పొడిగా ఉంది. చూస్తూండగానే గింజకీ గింజకీ మధ్య సందుల్లో తడి ఊరింది. ఇంకా చూస్తూండగా, ఊటలన్నీ కలిసి ముక్కంతా మెరిసింది. రెండు పక్కలా చీలికలున్నాయి. ఊపిరి ఊపిరికీ అవి విచ్చుకుంటున్నాయి, ముడుచుకుంటున్నాయి. వనజాక్షి గారి చెయ్యి దగ్గరికి జరిగింది. ముక్కు ఆగింది. ఒక్కసారిగా చీలికలు రెండూ పూర్తిగా విచ్చుకున్నాయి.  చెట్టు మీద కాకులు కూడా నాకు వినిపించలేదు. ఆవగింజంత గింజల ఆ లోకం ఆవిడ అరచేతిని ఈ కొసనుంచి ఆ కొసదాకా చదువుతోంది.

"నన్ను చూస్తోంది" అన్నారావిడ, గుసగుసగా.

"దీని ముద్ర తీసుకోడానికి మనకి గంట పట్టింది" అన్నారు గురువుగారు. "ఇది నీ ముద్ర మీ గుమ్మం దాటిన రోజే తీసుకుంది."

ఆవిడ అద్దం దించారు. ఫారం ఇమ్మన్నారు. అందులో ఆవిడ వారంగా నింపలేక వదిలేసిన గడి ఏదో అప్పుడు తెలిసింది మాకు. పదిహేడో ప్రశ్న. పైకే చదివారు: "ఇంతకుముందు మీరు పెంచిన జంతువు ఏదైనా మరణించిందా? కారణం?" కలం తీసి, రాసి, రాసింది కూడా పైకే చదివారు: "మరణించింది. కారణం, నా ఆలస్యం."

అది జబ్బు పేరు కాదని ఎవరమూ అనలేదు. ఆ గడిలో ఇంకొకరి పేరుకి చోటుంటుందా అని అడగాలనిపించింది నాకు. దానికి బదులు సంచిలోంచి మైదా జిగురు తీసి, గడిలో నా వేలిముద్ర మీద కుక్కపిల్ల ముద్ర నీటుగా అంటించాను. నేను చేసిన తప్పు మీద నేనే బైండింగు వేసుకోవడం కొత్త కాదు గాని, అంత జాగ్రత్తగా ఎప్పుడూ వేయలేదు.

"నాయుడూ, మా తమ్ముడికి ఫోను కలిపి, ఆదివారం రావద్దని చెప్పు" అన్నారావిడ. "బిస్కట్ ఎక్కడికీ రాదని చెప్పు." పోలినాయుడు అవతలికి వెళ్లి, బస్సులో కేకేసినట్టు చెప్పి వచ్చాడు.

ఇక సంతకమొక్కటే మిగిలింది. జిగురు ఆరిన ఫారం ఆవిడ ముందు పెట్టాను. అప్పటికి పిల్ల నిద్రపోయింది. దాని గడ్డం ఆవిడ కుడిచేతి మీద ఉంది. ఆ చేతిలోనే కలం. ఆవిడ చెయ్యి తీయలేదు. కాలు తిమ్మిరెక్కినట్టుంది, పళ్లు బిగపట్టారు; కాలూ కదపలేదు. "నేను ఎత్తుకుంటాను, ఇలా ఇవ్వండి" అని చేతులు చాచాను. ఆవిడ చూసిన చూపుకి చేతులు వెనక్కి తీసుకున్నాను.

గోడగడియారం నాలుగుమ్ముప్పావు చూపిస్తోంది. ఫారం పోస్టు చేయాలి; ఐదింటికి పోస్టాఫీసు కట్టేస్తారు. ఆవిడ గడియారం చూశారు, పిల్లని చూశారు, మళ్లీ గడియారం చూశారు. మొహంలో పాత భయం తొంగిచూసింది.

"గురువుగారూ, మళ్లీ ఆలస్యం చేస్తున్నాను."

"చెయ్యి తల్లీ" అన్నారాయన. "ఇది ఆ ఆలస్యం కాదు."