నాలుగో పాటలో గిటారు

జోగారావుకి ఆ ఆల్బమ్ మొత్తం వచ్చు, ఒక్క స్వరం తప్ప. ఆ ఒక్కటీ కుదరకే తియోఫిలు మాస్టారి గిటారు అతని చేతి దాకా వచ్చి ఆగిపోయింది.

విశాఖపట్నం హార్బరు దగ్గర నావికుల పాత క్లబ్బు ఒకటుంది. అక్కడ మాస్టారి బ్యాండు ఏటా డిసెంబరులో ఒక సాయంత్రం ఒకే ఒక్క రాక్ ఆల్బమ్ వాయిస్తుంది. మొదటి పాట నుంచి చివరి పాట దాకా, వరస తప్పకుండా. ఎవరైనా వేరే పాట అడిగితే మాస్టారు వినపడనట్టే ఊరుకుంటారు. ఆ ఆల్బమ్ అట్ట మీద దీపస్తంభం బొమ్మ ఉంటుంది కాబట్టి ఇక్కడందరూ దాన్ని లైట్‌హౌస్ రికార్డనే అంటారు. అసలు పేరు చదివే ఓపిక ఎవరికుంది! మాస్టారు కుర్రాడిగా ఉన్నప్పుడు, ఓడలో వంటవాడొకడు మాస్టారి అమ్మ చేసిన చేపల పులుసు తిని, సంతోషం పట్టలేక ఆ రికార్డు ఇచ్చిపోయాడట.

ఈ ఏడు మాస్టారి వేళ్ల కణుపులు వాచిపోయాయి. గిటారు పట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆయన చోట ఎవరో ఒకరు నిలబడకపోతే ఆ సాయంత్రం ఇక లేనట్టే.

జోగారావు ఆ చోటు కోసమే వచ్చాడు. పగలు గాజువాకలో టైర్ల కొట్టులో పని, సాయంత్రం గిటారు. ఫోన్లో చూసి సొంతంగా నేర్చుకున్నాడు గానీ, వేళ్లు మాత్రం మంచి చురుకు. ఆ సంగతి అతనికీ తెలుసు. అదే వచ్చిన చిక్కు.

మాస్టారి పాఠం పాటకో వారం. ముందు వినాలి, తర్వాతే గిటారు ముట్టుకోవాలి.

మొదటి పాటలో పడవ ఒడ్డు వదులుతుంది. "డ్రమ్ములు మోగిన చోటు కాదు, ఆగిన చోటు విను. పడవ నీళ్లలోకి దిగింది అక్కడే," అన్నారు మాస్టారు. జోగారావు విన్నాడు. నిజమే, కాళ్ల కింద నేల జారినట్టయింది. రెండో పాటలో బేస్ గిటారు ఒక్కటే గొణుగుతూ ఉంటుంది, ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాడిలా. మూడోది తుఫాను. అందులో గిటారుకి పూనకం వస్తుంది. జోగారావుకి ప్రాణం ఆ పాటంటే. టైర్లు విప్పుతూ కూడా వేళ్లతో అదే వాయించుకునేవాడు.

నాలుగో పాటలో గిటారే లేదు. పియానో, ఒక ఆడమనిషి గొంతు, అంతే.

"ఈ వారం ఇది విను," అన్నారు మాస్టారు.

జోగారావు బుద్ధిగా తలూపి, బొబ్బిలిలో మేనమామ కూతురి పెళ్లికి వెళ్లిపోయాడు. గిటారు లేని పాటకి వారమెందుకు, దండగ!

తర్వాత ప్రాక్టీసుల్లోనూ అంతే. మూడో పాట అవగానే గిటారు గోడకి ఆనించి వరండాలోకి వెళ్లేవాడు. టీ తాగుతూ ఫోను చూసుకునేవాడు. లోపల పియానో చివరికొచ్చిందనిపించగానే పరిగెత్తుకొచ్చి గిటారు తగిలించుకునేవాడు. ఎందుకంటే ఐదో పాట మొదలయ్యేది గిటారుతోనే. ఒకే ఒక్క స్వరం, ఒంటరిగా, పొడుగ్గా. దాని వెనకే మిగతా అందరూ అందుకుంటారు.

ఆ స్వరం పసిపిల్లాడైనా మీటగలడు. జోగారావు మీటాడు.

"కాదు," అన్నారు మాస్టారు.

గట్టిగా మీటాడు. కాదన్నారు. మెల్లగా మీటాడు, వేలు వణికించి మీటాడు, తీగ మార్చి చూశాడు. జీతంలోంచి మిగిల్చి కొత్త పెడల్ కొనుక్కొచ్చి, కాలితో నొక్కి ఆ స్వరాన్ని హాలంతా ఉరిమేలా చేశాడు. డ్రమ్ముల రత్నం అదిరిపడ్డాడు. మాస్టారు మాత్రం అదే గొంతుతో, "కాదు."

అతని తల ప్రాణం తోకకొచ్చింది.

"ఏటండీ తప్పు? శ్రుతి పోయిందా?"

"శ్రుతి బాగుంది."

"తాళం తప్పేనా?"

"తాళమూ బాగుంది."

"మరేటండీ!"

మాస్టారు వాచిన వేళ్లు మెల్లగా రుద్దుకున్నారు. "అప్పుడే బయట్నించి వచ్చినవాడిలా ఉంది, జోగీ," అన్నారు.

అదేం మాటో జోగారావుకి అర్థం కాలేదు. ఆ రోజంతా ఒళ్లు మండిపోయింది. ముసలాయనకి గిటారు వదులుకోవడం ఇష్టం లేదు, అందుకే వంకలు పెడుతున్నాడు అనుకున్నాడు. అనుకున్నందుకు తర్వాత బాధపడ్డాడు కూడా. ఎంతైనా ఒక్క రూపాయి తీసుకోకుండా నేర్పిన మనిషి.

చివరి ప్రాక్టీసు రోజు వచ్చింది. తెల్లారితే కచేరీ. మాస్టారి ఎర్ర గిటారు ఎప్పట్లాగే పెట్టెలో ఉంది. ఆయన చోట నిలబడేవాడే దాన్ని తగిలించుకోవాలన్నది ఆ బ్యాండులో మాట.

జోగారావు ఉండబట్టలేక అడిగేశాడు. "మాస్టారూ, ఒక్కసారి మీ గిటారు ఇవ్వండి. దాని మీదయితే ఆ స్వరం పలుకుతాదేమో."

"ఆడలేక మద్దెల ఓడు," అని రత్నం డ్రమ్ముల వెనకనించి అందించాడు.

మాస్టారికి కోపం రాలేదు. "ఇస్తాను," అన్నారు.

జోగారావు ముఖం వెలిగిపోయింది.

"నాలుగో పాటకి."

"అందులో గిటారు లేదు కదండీ!"

"అందుకే. పాడవదు," అన్నారు మాస్టారు. రత్నం పగలబడి నవ్వాడు. జోగారావు ముఖం చిన్నబోయింది.

మూడు పాటలూ అయ్యాయి. తుఫాను పాటలో అతను కోపమంతా తీర్చుకున్నాడు. అది మాత్రం అద్భుతంగా వచ్చింది. అప్పుడు మాస్టారు లేచి, పెట్టె తెరిచి, ఎర్ర గిటారు తనే అతని భుజానికి తగిలించారు. అతని కుడిచెయ్యి పట్టుకుని అరచెయ్యి తీగల మీద ఆనించారు.

"ఇది తియ్యకు. అలాగే ఉంచు."

"పాటంతానాండి?"

"పాటంతా."

పియానో దగ్గర ఎస్తేరు టీచరు కూర్చుని ఉంది. స్కూల్లో పాటలు నేర్పి రిటైరైన మనిషి, మాస్టారి తొలినాళ్ల బ్యాండులోనూ ఆవిడే. కళ్లద్దాల పైనుంచి చూసి, "ఇన్నాళ్లకి నా పాటకొచ్చేవా నాయినా!" అంది.

జోగారావుకి సిగ్గేసింది. ఆవిడ పాట అతను ఒక్కసారి కూడా పూర్తిగా వినలేదు. అదీ కాక, చుట్టూ చూస్తే ఎవరూ కదల్లేదు. రత్నం కర్రలు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బేస్ వాయించేవాడు గోడకి ఆనుకుని తల వంచాడు. ఈ పాటప్పుడు బయటికి పోయేది తనొక్కడే అన్నమాట.

ఆవిడ మొదలుపెట్టింది. పెద్ద గొంతేం కాదు, కాస్త అరిగిన గొంతు. ఒడ్డున ఒకామె దీపం వెలిగించి కూర్చుంది. మూడో పాటలో తుఫానులో చిక్కింది ఆమె మనిషే. ఆమెకది తెలియదు. ప్రతి చరణం చివరా సముద్రాన్ని ఒక్కటే అడుగుతుంది, ఇంకెంత దూరం అని.

ముందు జోగారావు మనసు టీ మీదికి పోయింది. తర్వాత అరచేతిలో ఏదో కదిలింది. ఆవిడ గొంతు పైకి వెళ్లినప్పుడల్లా తీగలు సన్నగా వణుకుతున్నాయి. అతను మీటలేదు, వాటంతటవే. చేతిలో పిచ్చుకని పట్టుకున్నట్టుంది. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

చివరి చరణం వచ్చింది. ఇంకెంత దూరం, అని ఆవిడ మళ్లీ అడిగింది. ఈసారి గొంతు సన్నగిల్లిపోయింది. పియానో ఆగింది.

 హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు.  అయ్యో, ఎవరైనా ఒక్క మాట చెప్పండర్రా ఆవిడకి, అనుకున్నాడు జోగారావు. చుట్టూ చూశాడు.

అందరూ అతని వైపే చూస్తున్నారు.

అరచెయ్యి తీశాడు. ఆ స్వరం మీటాడు. వణికించలేదు, ఉరిమించలేదు. అది దూరాన్నించి బయల్దేరి, ఆవిడ ఆపిన చోటికి వచ్చి నిలిచింది. ఎస్తేరు టీచరు కళ్లు తుడుచుకుంది. రత్నం కర్రలు అందుకున్నాడు. ఐదో పాట, ఆ తర్వాతవీ, చివరి పాట దాకా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు వెళ్లిపోయాయి.

అయిపోయాక జోగారావు 'కాదు' కోసం ఎదురుచూశాడు. మాస్టారు కుర్చీలోంచి కదల్లేదు.  అతనే గిటారు భుజం నించి తీసి, రెండు చేతులా పట్టుకుని ఆయన దగ్గరికెళ్లాడు.

"బాగా వాయించేనాండి?"

"ఏ పాట?"

జోగారావు పియానో దగ్గరున్న ఎస్తేరు టీచరు వైపు చూశాడు.

"నాలుగోదండి."

మాస్టారు అతని ముఖంలోకి చూశారు. గిటారు అందుకోలేదు. కుర్చీ పక్కనున్న ఖాళీ పెట్టెని కాలితో అతని వైపు జరిపారు.

"పెట్టె కూడా పట్టుకెళ్లు. బయట మంచు పడతా ఉంటాది."