మూడుసార్లు లేచిన రాజు

అనగనగా, మన తాతలకు తాతలున్న రోజుల్లో, విజయగిరిని వీరకేతుడనే రాజు ఏలేవాడు. యుద్ధంలో ఆయనను ఓడించినవాడు లేడు. "ఈ రాజ్యంలో తన ఇష్టప్రకారం నడిచేవాణ్ణి నేనొక్కణ్ణే" అని ఆయన తరచూ అనేవాడు. కాదనడానికి ఎన్ని గుండెలుండాలి! కోపం ఆయన ముక్కు మీదే ఉండేది మరి.

ఒకనాడు కోట వాకిట తోలుబొమ్మలాట జరిగింది. ఆటలో రాజు బొమ్మ కోపంతో చిందులు తొక్కుతుంటే పిల్లలు కేరింతలు కొట్టి, "అచ్చం మన మహారాజే!" అన్నారు. అంతే, బొమ్మలాడించే చంద్రోజిని చెరసాలలో వేశారు. మర్నాడు బొమ్మలన్నీ తగలబెట్టాలని ఆజ్ఞ అయింది.

బొమ్మలాటవాళ్ళు చిరిగిన బొమ్మను కూడా పారేయరు. ఇంట్లో మనిషి పోయినట్టే ఏడ్చి, ఏట్లో కలిపి, తలస్నానం చేసి వస్తారు. అలాంటిది నిన్నటిదాకా ఆడిన బొమ్మలను కాలుస్తామంటే చంద్రోజి కూతురు యమున ఎలా ఊరుకుంటుంది? తెల్లవారగానే కొలువుకు వెళ్ళింది.

"మహారాజా! చెయ్యి తగలకుండా, మాటతోనే తమరిని సింహాసనం మీంచి మూడుసార్లు లేపుతాను. లేపగలిగితే మా అయ్యనూ బొమ్మలనూ వదిలేయండి. లేకపోతే నన్నూ చెరలో వేయండి."

రాజు పకపకా నవ్వాడు. "నేను లేవనని కూర్చుంటే లేపేవాడు ఇంకా పుట్టలేదు. కానివ్వు పిల్లా! అందరి ముందూ మాటిస్తున్నాను."

"తమ తాతగారు యుద్ధంలో వెన్ను చూపి గడ్డివాములో దాక్కున్నారట కదా?"

"ఎవడు కూశాడా మాట?" రాజు కత్తి దూసి లేచాడు.

"ఒకటి" అంది యమున.

రాజు పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

"తప్పు నాదే ప్రభూ. ఈ మీసం, ఈ ఛాతీ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, ఇది సింహాల వంశమని. కొత్త రాజు బొమ్మను తమరిలాగే చేయాలి. కూర్చున్నారు కాబట్టి ఎత్తు మాత్రం తెలియడం లేదు."

రాజు ఉబ్బిపోయి, మీసం దువ్వుకుంటూ లేచి నిలబడ్డాడు. మంత్రి చిన్నగా దగ్గాడు.

"రెండు" అంది యమున.

ఈసారి రాజు సింహాసనం చేతులు గట్టిగా పట్టుకున్నాడు. తిట్టినా పొగిడినా కదిలేది లేదని కళ్ళు కూడా మూసుకున్నాడు.

యమున తల వంచుకుంది. తరవాత చేతులు జోడించింది. "ఓడిపోయాను మహారాజా. నా దగ్గర ఇంక మాటలు లేవు. చెరసాలకు తీసుకెళ్ళమనండి."

"చూశారా! నన్ను లేపడం ఎవరి తరం!" అంటూ రాజు సంబరం పట్టలేక ఎగిరి గంతేశాడు.

సభలో అందరి కళ్ళూ రాజు కాళ్ళ మీదే పడ్డాయి. యమున 'మూడు' అననే లేదు.

రాజు తన కాళ్ళ వంక చూసుకున్నాడు. సిగ్గుతో ముఖం కందిపోయింది. చెయ్యి మళ్ళీ కత్తి పిడి మీదికి పోయింది. అలా పోతున్న తన చేతిని ఆయన మొట్టమొదటిసారి గమనించాడు. మెల్లగా వెనక్కి తీసుకుని కూర్చున్నాడు. ఆ ఉదయం ఆయన తన ఇష్టంతో చేసిన పని అదొక్కటే.

"చంద్రోజిని విడిచిపెట్టండి. బొమ్మలు ఇచ్చేయండి" అన్నాడు. "పిల్లా, ఆ ఆట మళ్ళీ ఆడించండి. రాజు బొమ్మ చిందులు మాత్రం తగ్గించకండి. నేను ముందు వరసలో కూర్చుంటాను."

కూర్చున్నాడు కూడా. పిల్లలకంటే గట్టిగా నవ్వాడు.

కోపం, గర్వం, సంబరం ఎటు లాగితే అటు పోయేవాడు రాజైనా బానిసే. తనను తాను ఏలుకునేవాడే స్వతంత్రుడు.