పసుపు రేకు, గులాబీ రేకు

భ్రమరాంబకి అమ్మ ముఖం దొరకడం లేదు.

నెగటివ్ ఉంది. లోకం మొత్తానికి అదొక్కటే. చీరాలలో, మిట్టమధ్యాహ్నం, మగ్గం ఇంటి సున్నపు గోడ ముందు నిలబడిన అమ్మ, నాంచారమ్మ. నేరేడుపండంత నల్లటి మనిషి. ఒంటి మీద తెల్ల చీర, తెలుపు మీద తెల్ల బుటాలు. ఊరందరికీ నేసిన మనిషి తనకంటూ నేసుకున్నది ఆ ఒక్క చీరే. ఎల్లుండే ఆవిడ సంవత్సరీకం.

భ్రమరాంబది మామూలు చెయ్యి కాదు. బందరులో కాజా ఉస్తాద్ స్టూడియో చీకటిగదిలో ఏడేళ్లుగా ఫొటోలు కడుగుతోంది. నలుపంటే కాటుక, తెలుపంటే సున్నం, మధ్యలో నీళ్లు నమలడాలు లేవు. అందుకని, బొమ్మని కాగితం మీదికి పెద్దదిగా దించే ఎన్‌లార్జర్‌కి ఎప్పుడూ నలుపు తెలుపుల్ని గట్టిగా విడదీసే గులాబీ ఫిల్టరు రేకే పెట్టేది. రెంటినీ మెత్తగా కలిపేసే పసుపు ఫిల్టరు ముట్టేది కాదు. “అది చేతకానివాళ్ల రేకు” అనేది.

గులాబీతో తీసిన అమ్మని చూసి నాన్న అన్నాడు: “బొగ్గుల బస్తాకి దుప్పటి కప్పావేంటే?” ముఖం మసి. చీర మీద ఒక్క బుటా లేదు.

పౌరుషం చంపుకుని పసుపుతో తీసింది.

“మీ అమ్మే. కానీ బూడిదలోంచి లేచొచ్చినట్టుందే” అన్నాడు నాన్న.

మధ్యరకం రేకులూ అయ్యాయి. ముఖం కుదిరితే చీర పోయేది, చీర కుదిరితే ముఖం పోయేది. పాడైన కాగితాలు పరిస్తే చీరాల దాకా కాలికి మట్టి అంటకుండా నడిచెళ్లొచ్చు. చివరికి ఉస్తాద్ ముందు నిలబడింది.

ఆయన చీకటిగదిలో ఎన్నేళ్లు ఉన్నాడంటే, బయటికొస్తే సూర్యుడే “తమరెవరండీ?” అని అడిగేవాడు.

“గట్టిదా, మెత్తదా? మీరే తేల్చండి, ఉస్తాద్.”

ఆయన తేల్చలేదు. ఎర్రబల్బు వేసి కొత్త కాగితం పరిచాడు. ఎడమ జేబులోంచి ఒక రేకు తీసి లెన్సు కింద పెట్టి, తొమ్మిది అంకెలు లెక్కపెట్టి దీపం ఆర్పాడు. కాగితం కదపకుండానే కుడి జేబులోంచి రెండోది తీశాడు.

“అయ్యయ్యో! దాని మీదే ఇదీనా? పప్పుచారులో పాయసం పోసినట్టు!”

“చెయ్యి అడ్డం తియ్యి బిడ్డా.”

మళ్లీ తొమ్మిది. తర్వాత కాగితం మందునీళ్లలో మునిగింది.

ముందు జుట్టు వచ్చింది, తర్వాత కళ్లు. చెంపల మీద నలుపు నలుపుగానే ఉండి, లోపల దీపం పెట్టినట్టు మెరిసింది. భ్రమరాంబ ఊపిరి బిగబట్టింది. ఆ గదిలో గోడ గడియారం కూడా బిగబట్టింది. అప్పుడు, అన్నిటికన్నా చివర, తెలుపులోంచి తెల్ల బుటా ఒకటి తేలింది. దాని పక్కన ఇంకొకటి. పమిట అంచుదాకా, పోగు పోగూ.

భ్రమరాంబ కాగితం మీదికి వంగింది. “ఉస్తాద్... అమ్మని తెచ్చింది ఏది? పసుపా, గులాబీనా?”

ఆయన రెండు రేకుల్నీ ఎర్రబల్బుకి ఎదురుగా పట్టుకున్నాడు. ఆ వెలుగులో రెండూ ఒకే రంగు.

“నువ్వే చెప్పు” అన్నాడు.

భ్రమరాంబ రెండు చేతులూ చాచి వాటిని అందుకుంది. ఏది ఏదో అడగలేదు.