తొమ్మిదింటి ఫోను

రంగమన్నారు మాస్టారు ఎవరికీ ఏదీ గడప బయట నిలబడి ఇవ్వరు. మినెసోటాలో ఇళ్లకు పసుపు రాసే గడపలుండవనీ, తలుపు కింద ఉండే ఆ అల్యూమినియం పట్టీని గడపంటే ఎవరూ ఒప్పుకోరనీ మేమెంత చెప్పినా వినరు. కదలలేని ముసలివాళ్ల కోసం మా ఊరి చర్చి వంటశాలలో మధ్యాహ్న భోజనాలు వండి డబ్బాల్లో సర్దుతారు. వారానికి మూడు రోజులు వాటిని ఇళ్లకు చేరవేసే పని ఆయనది. తలుపు దగ్గర ఇచ్చేసి రావచ్చు. ఈయన బూట్లు విప్పి, లోపలికి వెళ్లి, చేతికిచ్చి, వాళ్లు నాలుగు ముద్దలు తినేదాకా కూర్చుంటారు. నలభై నిమిషాల పని రెండున్నర గంటలవుతుంది. వంటశాల పెద్దావిడ రెండుసార్లు మందలించి, మూడోసారి నోరు నొప్పెట్టి వదిలేసింది.

శనివారాలు ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకునే మా ఏడుగురిలో ఫణీంద్ర ఒకడు. మనసు మంచిదే, నోరే ఊరుకోదు. ఒకరోజు పాఠం మధ్యలో అడిగేశాడు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఇంట్లో కూర్చుని ఒక్క మీట నొక్కితే నేను వందమందికి భోజనం పంపగలను. ఏటా పంపుతూనే ఉన్నాను. ఈ ఊరివాళ్ల దానాలు చూస్తే మాత్రం నవ్వొస్తుంది. పక్కింటి వాకిట్లో మంచు ఎత్తిపోయడం, కేకులు చేసి చందాలు పోగెయ్యడం, ఎవరికో ఇంత సూపు పట్టుకెళ్లడం. ఇంత పెద్ద దేశంలో వీటివల్ల ఏమవుతుందండీ?"

మాస్టారు పుస్తకం మూశారు. మేమంతా ఏదో శ్లోకం వస్తుందని ఎదురుచూశాం.

"సోమవారం సెలవు పెట్టగలవా? నా మోకాలు బాగాలేదు. కారు నువ్వు నడుపు" అన్నారు. అంతే, పాఠం అయిపోయింది.

ఆ తరవాత జరిగింది ఫణీంద్ర తనంతట తానే మాకు చెప్పాడు. చెప్పడానికి మూడు వారాలు పట్టింది వాడికి.

ఆదివారం మొదలైన మంచు సోమవారం తెల్లవారేదాకా కురిసింది. ఫణీంద్ర పది గంటలకు మాస్టారింటికి చేరేసరికి ఆయన కోటూ టోపీ వేసుకుని, టెలిఫోను పక్కన కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నారు. ఆలస్యమైనందుకు చురక అంటిస్తారనుకున్నాడు. ఆయన లేచి నేరుగా కారెక్కారు. వంటశాలలో డబ్బాలు ఎక్కించుకున్నాక, "ముందు హ్యారియెట్ ఇంటికి పోనీ" అన్నారు.

"ఆవిడది ఆఖరి ఇల్లని కదా కాగితంలో ఉంది?"

"ఇవాళ మొదటిది. పోనీ."

హ్యారియెట్‌కి ఎనభై ఒకటి. ఊపిరితిత్తులు పాడై, ఇరవైనాలుగు గంటలూ ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని బతుకుతోంది. ఆ ఆక్సిజన్ ఇచ్చే యంత్రం కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోతే ఆదుకోవడానికి ఒక చిన్న సిలిండరు ఉంది. అది రెండు గంటలకు మించి రాదు. దారిలో మాస్టారు ఇవన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పారు. కారు నిదానంగా పాకుతుంటే ఆయన కుడికాలు, తానే నడుపుతున్నట్టు, కింద నొక్కుతూనే ఉందిట.

ఇల్లు వచ్చింది. మెట్ల మీద మోకాలి లోతు మంచు. మిమ్మల్ని దింపితే నడుం విరుగుతుంది, మీరు కూర్చోండి అని ఫణీంద్ర డబ్బా తీసుకుని వెళ్లాడు. బెల్ నొక్కాడు, ఒక నిమిషం చూశాడు. మనకందరికీ సామాన్లు తెచ్చి పడేసే కుర్రాళ్లు ఏం చేస్తారో అదే చేశాడు. డబ్బా తలుపు ముందు పెట్టి, ఫోనుతో ఒక ఫోటో తీసుకుని వచ్చేశాడు.

"మనిషిని చూశావా?" అన్నారు మాస్టారు.

"బెల్ కొట్టానండీ. లోపల మోగినట్టు లేదు. అన్నట్టు, ఇందాక ఆ మలుపులో సిగ్నలు కూడా వెలగట్లేదు."

ఆ మాట పూర్తయ్యేలోపే మాస్టారు కారు దిగిపోయారు. చేతికర్ర కార్లోనే ఉండిపోయింది.

తలుపుకి గడియ లేదు. బయట ఎంత చలో లోపలా అంతే. యంత్రం చప్పుడు లేదు. కుర్చీ ఖాళీగా ఉంది, గొట్టం నేలమీద పడి ఉంది. గోడవార ఉండాల్సిన సిలిండరు కనబడలేదు. ఫణీంద్ర పడకగది, స్నానాలగది, వెనక వరండా అన్నీ తిరిగాడు. అత్యవసర నంబరుకి ఫోను చేస్తే, మీకన్నా ముందు చాలామంది ఉన్నారు, వేచి ఉండండి అని ఒకటే పాట.

వంటింట్లోంచి వచ్చి చూసేసరికి మాస్టారు ఆ ఖాళీ కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నారు. "తొమ్మిదికి ఫోను మోగలేదు. నేను చేసినా కలవలేదు. అప్పుడే నడిచి రావాల్సింది. మోకాలు చూసుకుని, నీకోసం గంటసేపు కూర్చున్నాను" అన్నారు. ఉపనిషత్తు చెప్పే గొంతు కాదది. ఏ ఫోనో ఫణీంద్రకి అర్థం కాలేదు, అడిగే ధైర్యమూ లేకపోయింది.

ఇంటి పక్క తలుపు ముందు మంచులో పెద్ద చక్రాల జాడ ఉంది. దాని పక్కనే బూటు గుర్తులు, వాటి వెంట కర్ర దిగిన చిన్న చిన్న గుంటలు. ఇద్దరూ ఆ జాడ పట్టుకుని కారులో నాలుగు వీధులు వెళ్లారు. అది అగ్నిమాపక కేంద్రం దగ్గర ఆగింది. మా ఊళ్లో ఆ కేంద్రం నడిపేది జీతగాళ్లు కాదు, ఊరివాళ్లే. అక్కడి జనరేటరు కూడా వసంతంలో పాన్‌కేకుల విందులు పెట్టి, వచ్చిన చందాలతో కొన్నదే.

లోపల ముప్ఫై మంది దాకా ఉన్నారు. హ్యారియెట్ గోడవార కుర్చీలో ఆక్సిజన్ పెట్టుకుని కూర్చుంది. ఒళ్లో ఒక చిన్న పుస్తకం, చేతిలో పెన్సిలు. పెదవులు ఇంకా నీలంగానే ఉన్నాయి. పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ వాల్టర్ అనే ముసలాయన అప్పటికే పదోసారి చెబుతున్నట్టున్నాడు. ఒంటరిగా ఉండే ఎనిమిది మందికి హ్యారియెట్ రోజూ పొద్దున తొమ్మిదికి వరసగా ఫోను చేస్తుంది. లేచావా, కాఫీ తాగావా? రెండే ప్రశ్నలు. కుర్చీలోంచి లేవలేని మనిషి చేయగలిగిన దానం అది. "ఆరేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. తొమ్మిదింపావయింది, మోగలేదు. వీధిలోకొచ్చి మంచు తోసే బండికి అడ్డంగా నిలబడ్డాను. ఆపక ఏం చేస్తాడు డ్రైవరు? ఈవిణ్ణి అందులో ఎక్కించుకుని ఇక్కడికి వచ్చేశాం." అన్నాడు.

ఆ పుస్తకంలో ఏడు పేర్ల పక్కన గీతలు పడ్డాయి. ఎనిమిదో పేరు పక్కన ఖాళీ. వచ్చిన ప్రతివాణ్ణీ ఆవిడ ఆపి అడుగుతోంది, రంగాని ఎవరైనా చూశారా అని.

మాస్టారు ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"ఎక్కడికి పోయావయ్యా? ఇక్కణ్ణించి మూడుసార్లు చేయించాను, ఎత్తవేం?" అని కసిరింది.

"నీ ఇంట్లో నిన్ను వెతుకుతున్నాను" అన్నారు మాస్టారు.

ఆవిడ గీత పెట్టబోయింది. పెన్సిలు జారి కింద పడింది. ఫణీంద్ర వంగి తీసిచ్చాడు. మెట్ల మీద డబ్బా పెట్టి తాను తీసిన ఫోటో గుర్తొచ్చి తలెత్తలేకపోయానని మాతో చెప్పాడు.

హ్యారియెట్ వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వెవరబ్బాయివి? ఇంట్లో ఎవరెవరుంటారు?"

"ఒక్కణ్ణేనండీ."

ఆవిడ ఎనిమిదో పేరు కింద తొమ్మిది అని అంకె వేసింది. "నంబరు చెప్పు."

"అబ్బే, నాకెందుకండీ. నేను బాగానే ఉన్నాను" అని ఫణీంద్ర మాస్టారి వైపు చూశాడు.

మాస్టారు అప్పుడే కుర్చీ లాక్కుని, మోకాలు పట్టుకుని కూర్చుంటున్నారు.

"ఇచ్చెయ్యబ్బాయ్. నేను రెండు నెలలు బెట్టు చేశాను."