లింబాద్రి సార్ చెప్పిన రూలు

ఆర్మూరు దగ్గరి ఒక సర్కారు బడిలో లింబాద్రి అనే ఆటల సారు ఉండేవాడు. "నాకు తెలియదు" అన్న మాట తప్ప ఆయన నోట ఏ మాటైనా వచ్చేది.

ఆయన చిన్నప్పటి నుంచీ క్రికెట్ మనిషి. జిల్లాలో బేస్‌బాల్ పోటీలు పెడుతున్నారని పైనుంచి ఉత్తరం వస్తే, వారం రోజుల్లో ఆడపిల్లలతో జట్టు కట్టేశాడు. కష్టపడేవాడు, ఆ మాట కాదనలేం. పొద్దున్నే వచ్చి గ్రౌండ్‌లో సున్నం గీతలు తనే గీసేవాడు. ఆటల సార్లకు పెట్టిన శిక్షణలో ఇచ్చిన రూల్సు పుస్తకం మాత్రం కవరు కూడా విప్పకుండా బీరువాలో పడి ఉండేది. పిల్లలు ఏది అడిగినా క్రికెట్‌లోంచి ఓ జవాబు తీసి ఇచ్చేసేవాడు.

మొదటి మ్యాచ్‌లోనే దెబ్బ తగిలింది. బంతి విసిరే అఖిల చెయ్యి ఎత్తి, పట్టు కుదరక మధ్యలో ఆగిపోయింది. అంపైర్ వెంటనే, బేస్ మీద ఉన్న అవతలి జట్టు రన్నర్‌ను ఒక బేస్ ముందుకు పంపాడు. ఈ ఆటలో మూడు బేస్‌లు వరసగా తొక్కి, బ్యాట్ పట్టి నిలబడే హోమ్ బేస్‌కు తిరిగొస్తేనే ఒక పరుగు.

"సార్, బాల్ ఎయ్యకముందే గట్లెట్ల పంపుతరు?" అని అఖిల ఏడుపు మొహంతో అడిగింది.

క్రికెట్‌లో అయితే బౌలర్ ఆగినా ఏమీ కాదు, మళ్లీ వేస్తాడు. బేస్‌బాల్‌లో రన్నర్ బేస్ మీద ఉండగా విసరబోయి ఆగితే, రన్నర్‌ను మోసం చేసినట్టే, అందుకు శిక్షగా ఒక బేస్ ఇచ్చేస్తారు. లింబాద్రికి ఆ సంగతి తెలియదు.

"ఆ అంపైర్‌కు కండ్లు కనవడ్తలేవు. నువ్వు ఆడు," అన్నాడు.

ఆ మ్యాచ్ ఎలాగో గెలిచారు. గెలిచాక తప్పు గురించి ఎవరు ఆలోచిస్తారు?

జట్టులో రవళి అందరికన్నా బాగా కొట్టేది. ఫైనల్లో బాగా ఆడితే క్రీడా హాస్టల్లో సీటు ఇస్తామని సెలెక్టర్ మేడం మాటిచ్చింది. సీటు రాకపోతే పదో తరగతితో చదువు ఆపి తల్లితో పాటు బీడీలు చుట్టాలి. అందుకే ఆ పిల్ల ప్రతిదీ అడిగి తెలుసుకునేది. ఫైనల్ ముందు రోజు ఇలా అడిగింది:

"సార్, నేను బ్యాట్ వట్టుకొని నిలవడ్డప్పుడు బాల్ నా ఎనుక వట్టే క్యాచర్‌ను దాటి పోయిందనుకోండి. మనోళ్లు మూడో బేస్ నుంచి నా దిక్కు ఉరికొస్తుంటే నేను పక్కకు జరగాల్నా?"

"ఎందుకు జరగాలె? నీ జాగల నువ్వు నిలవడు. వాళ్లు ఇసిరింది నీకు తగిలితే తప్పు వాళ్లదే," అన్నాడు లింబాద్రి, క్షణం కూడా ఆలోచించకుండా.

ఫైనల్లో ఆఖరి ఇన్నింగ్స్. ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. ఇంకొక్కరు ఔటైతే ఆట ముగిసిపోతుంది. రవళి బ్యాట్ పట్టుకుంది, మూడో బేస్ మీద అఖిల ఉంది. బంతి క్యాచర్ చేతుల్లోంచి జారి వెనక్కి దొర్లింది. అఖిల పరుగందుకుంది. క్యాచర్ వెళ్లి బంతి తీసుకుని, హోమ్ బేస్ దగ్గరికి వచ్చిన పిచ్చర్‌కు, అంటే తమ జట్టులో బంతులు వేసే పిల్లకు, విసిరింది. రవళి సారు చెప్పినట్టే కదలకుండా నిలబడింది. బంతి ఆమె వీపుకు తగిలి పక్కకు పోయింది. అఖిల హోమ్ బేస్ తొక్కింది, స్కోరు సమమైంది. పిల్లలంతా ఎగిరి గంతులేశారు.

అంపైర్ చెయ్యెత్తాడు. తప్పుకునే సమయం ఉన్నా తప్పుకోకుండా అడ్డు నిలిచినందుకు రవళి ఔట్ అన్నాడు. ఆ పరుగు చెల్లలేదు. ఆట పోయింది.

సెలెక్టర్ మేడం దగ్గరికి వచ్చింది. "అడ్డం నిలవడుమని నీకెవరు చెప్పిన్రమ్మా?" అని అడిగింది.

రవళి లింబాద్రి వైపు చూసింది. "నేనే చెప్పిన మేడం, నాకు రూలు తెల్వది" అని ఆయన అంటే చాలు. ఆయన మెడలోని విజిల్ సర్దుకుంటూ నేలచూపులు చూశాడు.

"ఎవ్వలు చెప్పలే మేడం. నాకే తెల్వలే," అంది రవళి.

మేడం నిట్టూర్చి, సీటు ఇంకో బడి పిల్లకు రాసింది.

ఆ రోజు నుంచి లింబాద్రికి అన్నం సయించలేదు. నెల గడిచాక ధైర్యం కూడగట్టుకుని రవళి ఇంటికి వెళ్లాడు. ఆ పిల్ల వాకిట్లో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"తప్పు నాదే బిడ్డా. పోయి మేడంకు చెప్త," అన్నాడు.

"సీట్లు అయిపోయినయి సార్," అంది రవళి. ఆ గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే ఆయనకు కొంత నయంగా ఉండేది. లేచి సారుకు కుర్చీ వేసి, మళ్లీ కూర్చుని ఇంకో ఆకు అందుకుంది.

తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడే గురువుకు పోయేదేమీ ఉండదు. పోయేదంతా ఆయన్ని నమ్మిన పిల్లలకే.