పచ్చి సున్నం మీద ముఖం

ఏడేళ్ళపాటు సున్నం కలిపీ, రంగులు నూరీ నేరియో చేతులు కాయలు కాశాయి. ఏడేళ్ళకి గానీ గురువు ఉబాల్డో నోట "ఈసారి ముఖం నువ్వు వెయ్యి" అన్న మాట రాలేదు.

ఐదారు వందల ఏళ్ళ కిందటి సంగతి. ఇటలీలో ఒక రేవు ఊరి చర్చి. జాలరుల సంఘం కోరి వేయించుకుంటున్న గోడబొమ్మ. సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళకి దిక్కయిన పునీత నికొలాసు ముఖం నేరియో వంతుకి వచ్చింది.

ఆ పని తీరే వేరు. ఒక్కరోజులో వేయగలిగినంత మేరకే గోడకి సున్నం పూయాలి. అది పచ్చిగా ఉండగానే రంగు వేయాలి. ఆరిందా, ఇక దిద్దుబాటు లేదు. నచ్చకపోతే చెక్కి పారేసి మర్నాడు మళ్ళీ మొదలుపెట్టడమే.

తెల్లవారి పరంజా ఎక్కిన నేరియోకి తిండి ధ్యాస లేదు. కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా తీర్చాడు. సాయంత్రం గురువుని పైకి పిలిచాడు.

"దగ్గరికొచ్చి చూడండి గురువుగారూ. ఊపిరి తగిలితే రెప్ప వేసేట్టు లేడూ!"

వాడి మొహం వెలిగిపోతోంది. వెలగదా మరి, ఏడేళ్ళ ఆకలి!

ఉబాల్డో ఆ ముఖం దగ్గరగా చూశాడు. "కిందికి రా" అన్నాడు. చర్చి చివర, తలుపు దగ్గర, ఆడవాళ్ళు ప్రార్థన చేసుకునే చోట వాణ్ణి మోకరిల్లమన్నాడు. తనూ పక్కనే మోకరిల్లాడు.

కాసేపటికి ఒక జాలరి ముసలమ్మ వచ్చింది. ఆవిడ కొడుకు పడవ వెళ్ళి తొమ్మిది రోజులైంది, తిరిగి రాలేదు. ఆ సంగతి నేరియోకీ తెలుసు. ఆవిడ చేతులు జోడించి గోడకేసి తలెత్తింది. ఏదో అనబోయి ఆగిపోయింది.

"ఏమ్మా?" అన్నాడు ఉబాల్డో.

"మెల్లగా నాయనా. కునుకు పట్టినట్టుంది ఆయనకి. పాపం, ఎంతమంది మొరలని వింటాడు! రేపొస్తాలే."

అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది.

నేరియో తలెత్తి చూశాడు. అంత ఎత్తున ఆ సన్నగీతలన్నీ కలిసిపోయి, కళ్ళు మూసుకున్నట్టే ఉన్నాయి.

లేచి పరంజా ఎక్కి ఉలి తీసుకున్నాడు. మొదటి దెబ్బకి చెయ్యి రాలేదు. వేశాక మాత్రం ఆగలేదు.

కింద రాలిన పెచ్చుల్ని గురువు ఊడుస్తున్నాడు.

"గురువుగారూ, ఆవిడ రేపు వస్తుందంటారా?"

"వస్తుంది" అన్నాడు ఉబాల్డో. "నువ్వు ఆయన్ని లేపు."