సైకిలు మీద భిక్ష

చిన్న కథ చెబుతాను, చిటికెలో అయిపోతుంది. ముందు మా ఊరి గొప్ప తెలియాలి. పక్క ఊరికి పెట్రోలు బంకు ఉంది, మా ఊరికి గురువుగారు ఉన్నారు. బంకు వాళ్లు ఇప్పటికీ మమ్మల్ని చూసి కుళ్లుకుంటారు. వాళ్ల పెళ్లిళ్లలో సాంబారు కూడా నీళ్లలా ఉంటుంది. ఒకసారి అడిగి పోయించుకుని మరీ తిట్టుకున్నాను. సరే, కథకు వద్దాం.

గురువు ఓబులయ్య స్వామి. ఏకతార మీటుతూ, తత్వాలు పాడుతూ, ఇంటింటికీ నడిచి బియ్యం తెస్తారు. ఆ బియ్యంతోనే మఠంలో బాటసారులకు మధ్యాహ్నం గంజి. ఆ ఏకతార ఎప్పటికైనా తన చేతికి రావాలని శిష్యుడు పెంచలయ్య ఆశ.

పెంచలయ్య సైకిలు కొన్నాడు. వారం తిరక్కుండానే పంచె పైకెత్తి ఊరందరికీ పిక్కలు చూపించాడు. చూపించమని ఎవరూ అడగలేదు.

"స్వామీ, నడిస్తే కాళ్లు అరుగుతాయి, తొక్కితే బలుస్తాయి. మీరు ఒక వీధి తిరిగేలోపు నేను ఊరు చుట్టేస్తాను. ఏకతార నాకివ్వండి."

"రేపు భిక్షకు నువ్వే వెళ్లు," అన్నారు స్వామి. "గంజికి సరిపడా తెస్తే నీదే."

తెల్లారగానే పెంచలయ్య గంట కొట్టుకుంటూ బయల్దేరాడు. ఇంటికి అర చరణం చొప్పున పాడాడు. ఊళ్లో పాలు పితకడం పూర్తికాకముందే తిరిగొచ్చాడు. జోలెలో గుప్పెడు గింజలు లేవు.

వెనకాలే మా వీధి సుబ్బరత్నమ్మ చాటతో వచ్చింది. "గంట విని, చేతులు కడుక్కుని, బియ్యం తెచ్చేసరికి నీ వెనక చక్రం సందు తిరుగుతోంది. ఏమబ్బయ్యా, కుక్క తరిమిందా?"

పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. అరుగు మీద బాటసారులు చేరుతున్నారు. పెంచలయ్య తలెత్తలేదు.

స్వామి సైకిలు హ్యాండిలు పట్టుకుని బయల్దేరారు. ఎక్కలేదు, నడిపించుకుంటూ వెళ్లారు. ప్రతి గుమ్మం ముందూ స్టాండు వేసి, తత్వం చివరిదాకా పాడి, అప్పుడు కదిలారు. క్యారియరు మీద బియ్యం మూటతో తిరిగొచ్చారు. భుజాన జోలెతో అంత బరువు ఆయన ఎన్నడూ తేలేదు.

"ఓడిపోయాను స్వామీ," అన్నాడు పెంచలయ్య. "సైకిలు అమ్మేస్తాను. రేపటినుంచి మీ వెనకే నడుస్తాను."

స్వామి ఏకతార తీసి అతని చేతిలో పెట్టారు.

"ఇది నువ్వుంచుకో. అది నాకిచ్చెయ్."

ఇప్పుడు పెంచలయ్య ఇంటింటి ముందూ నిలబడి పాడుతున్నాడు. స్వామి బడి మైదానంలో సైకిలు నేర్చుకుంటున్నారు. నిన్న పడ్డారు.